ట్రోపోనిన్ 11, ఎడమ ప్రధాన ధమనిలో 80 శాతం బ్లాక్: ఒక కేసు

ఈ కేసు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వైద్యపరంగా ఇది అరుదైనదేమీ కాదు. కానీ ఇందులో నేను చేయబోయి ఆగిన పొరపాటు ఒకటుంది. పేషెంట్ అనుమతితోనే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

ఆమెకి 58 ఏళ్ళు. పదకొండేళ్ళుగా షుగర్, ఏడేళ్ళుగా బీపీ. పొగ అలవాటు లేదు. తండ్రి 51 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. నాలుగు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, వయసు కదా అనుకున్నారు. ఎడమ వైపు కింది దవడ లాగినట్టు ఉంటే పన్ను నొప్పి అనుకుని మూడు వారాల క్రితం ఆ పన్ను తీయించుకున్నారు కూడా. నొప్పి మాత్రం పోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మెట్లెక్కుతుంటే ఛాతీ మీద బరువు పెట్టినట్టయింది, ఇరవై నిమిషాలుంది. కూర్చుంటే తగ్గింది. కొడుకు బలవంతం మీద క్యాజువాల్టీకి వచ్చేసరికి నాలుగు గంటలు గడిచాయి. అప్పటికి ఏ నొప్పీ లేదు. బీపీ 150/90, నాడి 88, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, కాళ్ళ వాపు లేదు. ఈసీజీలో వీ5, వీ6 లీడ్లలో (గుండె ఎడమ పక్కని చూసే గీతల్లో) టీ తరంగాలు కాస్త చదునుగా ఉన్నాయి, అంతే.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్‌ని కొలిచే పరీక్ష, హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టీ, మొదటి శాంపిల్‌లో లీటరుకి 10 నానోగ్రాములు. గంట తర్వాత 11.

ఈ రెండు అంకెలూ డ్యూటీ డాక్టర్‌కి, నాకు కూడా, ఎందుకంత ఊరటనిచ్చాయో చెప్పాలి. మా ల్యాబ్‌లో వాడే పరీక్షకి ఆరోగ్యవంతుల్లో 99వ పర్సంటైల్ హద్దు, అంటే వందలో 99 మంది దాటని అంకె, 14. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ చెప్పే గంట పద్ధతి ప్రకారం ఇదే పరీక్షలో మొదటి విలువ 12 కన్నా తక్కువుండి, గంటలో తేడా 3 కన్నా తక్కువుంటే ఆ సమయానికి హార్ట్ ఎటాక్ లేదని పక్కన పెట్టొచ్చు. మొదటిది 52 చేరినా, గంటలో 5 పెరిగినా హార్ట్ ఎటాక్‌గా భావించి ముందుకెళ్ళాలి. ఆమె అంకెలు సురక్షితమైన గడిలోనే పడ్డాయి. కేస్ షీట్ మీద "హార్ట్ ఎటాక్ లేదు, రెండు వారాల్లో ట్రెడ్‌మిల్ పరీక్ష" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ ఆ షీట్ మీదే ఉంది, దాని మీద నేనే గీసిన కొట్టివేత కూడా ఉంది.

కొడుకు అడిగాడు, "అయితే బ్లాకులేమీ లేవన్నమాట కదండీ?" అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. "రక్తం రిపోర్టులు బాగానే ఉన్నాయి" అన్నాను. అతను అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ కేసంతా.

ఆయాసం గురించి విన్న డ్యూటీ డాక్టర్ నన్నడక్కుండానే గుండె గోడల మీది ఒత్తిడిని చూపే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పరీక్షకి కూడా రక్తం పంపారు. ఆ రిపోర్టు కాస్త ఆలస్యంగా వచ్చింది: మిల్లీలీటరుకి 1,140 పీకోగ్రాములు.

అత్యవసరంగా వచ్చిన వాళ్ళలో ఇది 300 లోపుంటే గుండె వైఫల్యం లేదని ధైర్యంగా అనొచ్చు. 50 నుంచి 75 ఏళ్ళ మధ్యవాళ్ళలో 900 దాటితే ఉందేమోనని గట్టిగా అనుమానించాలి. ఈమెలో చూస్తే నీరు చేరిన లక్షణం ఒక్కటీ లేదు. ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, కవాటాలు బాగున్నాయి, గుండె లయ సరిగానే ఉంది, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 0.8. ఈ అంకెని ఊరికే పెంచే కారణాలుంటాయి: కిడ్నీ దెబ్బతినడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషం, పెద్ద వయసు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్ళాను. పైగా ఆమె కొంచెం లావు, స్థూలకాయం ఉన్నవాళ్ళలో ఈ అంకె మామూలుగా తక్కువే కనిపిస్తుంది. అలాంటిది 1,140 అంటే దాని వెనక ఏదో ఉండాలి.

ట్రోపోనిన్ పరీక్షనే అనుమానించాను. ల్యాబ్‌కి ఫోన్ చేసి, జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు ఈ పరీక్షని తప్పుదోవ పట్టించే అవకాశముందా అని అడిగాను. పెద్ద మోతాదు బయోటిన్ వల్ల కొన్ని ట్రోపోనిన్ పరీక్షల్లో విలువ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఆమె అలాంటివేవీ వాడడం లేదు. పరీక్ష సరైనదే, అంకె కూడా సరైనదే.

అంతలో వార్డు నుంచి సిస్టర్ పిలిచింది.

బాత్రూమ్‌కి వెళ్ళి వస్తూ ఆమె కారిడార్ మధ్యలో ఆగిపోయారు. ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో అరచేత్తో కింది దవడని గిన్నెలా పట్టుకుని నిలబడ్డారు. నుదుటి మీద సన్నగా చెమట. "పన్నే డాక్టర్ గారూ, తీసేసిన చోటే మళ్ళీ లాగుతోంది" అన్నారు. సిస్టర్ నా మాట కోసం ఆగలేదు, వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి అక్కడే ఈసీజీ తీసింది. ఆ కాగితం ఇవాళ్టికీ పాఠం చెప్పేటప్పుడు చూపిస్తాను: ఏడు లీడ్లలో ఎస్‌టీ అనే భాగం కిందికి దిగింది, ఏవీఆర్ అనే లీడ్‌లో మాత్రం ఒక మిల్లీమీటరు పైకి లేచింది. నాలుక కింద నైట్రోగ్లిసరిన్ ఇచ్చిన నాలుగు నిమిషాలకి దవడ నొప్పి పోయింది. మళ్ళీ తీసిన ఈసీజీ మొదటి దానిలాగే శాంతంగా ఉంది.

ఇన్ని లీడ్లలో ఎస్‌టీ ఒకేసారి దిగి ఏవీఆర్ పైకి లేస్తే గుండె ఎడమ వైపుకి రక్తమిచ్చే ఎడమ ప్రధాన ధమనిలోనో, మూడు నాళాల్లోనో బ్లాక్ ఉందేమోనని తలుచుకోవాలి. ఆ నొప్పి తర్వాత తీసిన ట్రోపోనిన్ 13. మర్నాడు ఉదయం 19. హద్దు దాటింది కాబట్టి శాస్త్రం ప్రకారం ఇది చిన్న హార్ట్ ఎటాకే. కానీ యాంజియోగ్రామ్ చేయాలన్న నిర్ణయం ఆ 19 రాకముందే తీసుకున్నాం.

యాంజియోగ్రామ్‌లో ఎడమ ప్రధాన ధమని చివర, రెండుగా చీలే చోట, 80 శాతం సన్నబడింది. ముందు వైపు దిగే నాళంలో మధ్యలో 70 శాతం, కుడి నాళంలో 90. సింటాక్స్ స్కోరు 36. నాళాల్లో జబ్బు ఎంత విస్తరించి ఎంత చిక్కుగా ఉందో కొలిచే స్కోరు అది. 22 దాకా తక్కువ, 23 నుంచి 32 మధ్యస్థం, 33 నుంచి ఎక్కువ.

అదే నెలలో ఇంకో పేషెంట్ ఉన్నారు, ఆయన గురించి కూడా చెప్పకపోతే ఈ కేసు సగమే అవుతుంది. 46 ఏళ్ళ మనిషి, రోజుకో పాకెట్ సిగరెట్లు. నొప్పి మొదలైన ఆరు గంటలకి వచ్చారు. ట్రోపోనిన్ టీ 2,400. ఇంటివాళ్ళకి ఆ అంకె విని కాళ్ళూ చేతులూ ఆడలేదు. యాంజియోగ్రామ్‌లో ఒక పక్క కొమ్మ, డయాగనల్ నాళం, పూర్తిగా మూసుకుపోయింది. మిగతా నాళాలు దాదాపు శుభ్రం. స్టెంట్ వేశాం, ఎకోలో పంపింగ్ బాగానే ఉంది, నాలుగో రోజు ఇంటికి వెళ్ళారు. ఆయన సింటాక్స్ స్కోరు పది లోపే. ఆయన్ని 2,400 అంకె భయపెట్టింది, ఈమెని 11 నిశ్చింతగా ఇంటికి పంపబోయింది. ఎవరి ప్రాణం ఎక్కువ ప్రమాదంలో ఉందంటే సందేహం లేకుండా ఈమెదే.

ట్రోపోనిన్ గుండె కండరం లోపలి ప్రొటీన్. కండర కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. హార్ట్ ఎటాక్ తర్వాత రెండు మూడు గంటల్లో పెరగడం మొదలై వారం, ఒక్కోసారి రెండు వారాల దాకా నిలుస్తుంది. కాబట్టి అది చెప్పేది జరిగిన నష్టం గురించి. నాళం 80 శాతం సన్నబడి కూడా, కూర్చున్నప్పుడు కండరానికి సరిపడా రక్తం అందుతుంటే, నడిచినప్పుడు నాలుగు నిమిషాలు అల్లాడి మళ్ళీ కుదురుకుంటుంటే, చనిపోయే కణాలు పెద్దగా ఉండవు. ట్రోపోనిన్ పెరగడానికి అక్కడ చచ్చిన కండరం లేదు, ఇంకా. ఆ "ఇంకా" అన్న మాట రిపోర్టులో ఎక్కడా ఉండదు.

ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ కథ వేరు. గుండె గదుల గోడలు సాగినప్పుడు కండర కణాలు 108 అమైనో ఆమ్లాల ఒక పొడవాటి ప్రొటీన్ తయారుచేస్తాయి. అది రెండుగా తెగుతుంది: 32 ముక్కలది బీఎన్‌పీ, పనిచేసే హార్మోన్. 76 ముక్కలది ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ, దానికి పనేమీ లేదు, కానీ రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి కొలవడం తేలిక. కండరానికి రక్తం చాలనప్పుడు మొదట దెబ్బతినేది పిండే శక్తి కాదు, సడలే శక్తి. సడలని గదిలో ఒత్తిడి పెరుగుతుంది, గోడ లాగబడుతుంది. పంపింగ్ 60 శాతమే ఉన్నా లోపల గోడ బాధపడుతూనే ఉంటుంది. ఆమె నాలుగు నెలల ఆయాసం అదే.

నా ఒక్క పేషెంట్‌ని చూసి చెబుతున్న మాట కాదిది. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో స్థిరమైన కరోనరీ (గుండె నాళాల) జబ్బు ఉన్న 1,034 మందిని దాదాపు తొమ్మిదేళ్ళు గమనించారు. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ ఎక్కువున్నవాళ్ళు ఎక్కువగా చనిపోయారు. పంపింగ్ శాతాన్నీ, యాంజియోగ్రామ్‌లో కనిపించిన జబ్బునీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. 2009లో ట్రోపోనిన్ మీద వచ్చిన ఇంకో అధ్యయనం నాకు మరీ ఆసక్తికరం. పీస్ అనే ట్రయల్‌లోని 3,679 మంది స్థిరమైన జబ్బున్నవాళ్ళ రక్తంలో హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ టీ చూస్తే దాదాపు 98 శాతం మందిలో ఎంతో కొంత దొరికింది. ఎక్కువున్నవాళ్ళలో గుండె వైఫల్యం, గుండె జబ్బు మరణాలు ఎక్కువ. తర్వాత వచ్చే హార్ట్ ఎటాక్‌తో మాత్రం అంత సంబంధం కనబడలేదు. అంటే ఒకే పరీక్ష క్యాజువాల్టీలో ఒక ప్రశ్నకి, ఓపీలో ఇంకో ప్రశ్నకి జవాబిస్తుంది. రిపోర్టు కాగితం మీద మాత్రం పక్కన అదే "నార్మల్" అన్న మాట ఉంటుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కుంది. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళ రక్తంలో ట్రోపోనిన్ మగవాళ్ళకన్నా తక్కువ. విస్తృతంగా వాడే ఒక ట్రోపోనిన్ ఐ పరీక్షలో 99వ పర్సంటైల్ ఆడవాళ్ళకి 16, మగవాళ్ళకి 34, సగం కన్నా తక్కువ. అందరికీ ఒకే హద్దు పెట్టి చూస్తే 10, 11 లాంటి అంకె ఆడవాళ్ళలో ఉన్నదానికన్నా అమాయకంగా కనిపిస్తుంది. ఆమె కేసు తర్వాత నేను ఆడవాళ్ళ రిపోర్టుల్లో హద్దుకి దగ్గరగా ఉన్న అంకెని "నెగటివ్" అనడం మానేశాను.

ఇక మిగతా పరీక్షలు. ఒంట్లోని మంటని (ఇన్‌ఫ్లమేషన్) కొలిచే హెచ్ఎస్ సీఆర్‌పీ 6.8 వచ్చింది. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ప్రమాదం, 3 దాటితే ఎక్కువ. కానీ ఈ 6.8ని నేను పట్టించుకోలేదు. మూడు వారాల క్రితం పన్ను తీసిన చోట చిగురు ఇంకా మానుతోంది, పైగా గుండె కూడా ఆపదలో ఉంది. సీఆర్‌పీ ఎక్కడి మంటకైనా పెరుగుతుంది. దాన్ని ఒంట్లో అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు, కనీసం రెండు వారాల తేడాతో రెండుసార్లు చూడాలి. అలాగని అది పనికిరానిదని కాదు. 2017లో కాంటోస్ ట్రయల్‌లో, ఒకసారి గుండెపోటు వచ్చి సీఆర్‌పీ 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న పదివేల మందిలో కొందరికి మంటని తగ్గించే కనాకినుమాబ్, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మందు ఇస్తే, కనాకినుమాబ్ తీసుకున్నవాళ్ళలో చెడు కొలెస్ట్రాల్ తగ్గకుండానే గుండె ప్రమాదాలు తగ్గాయి. ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి, ఆ మందు గుండె వైద్యంలోకి రాలేదు. కానీ నాళాల జబ్బులో మంటకి వాటా ఉందన్నది అక్కడ తేలిపోయింది.

రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం చూడమని కొడుకు అడిగాడు, ఎవరో చెప్పారట. వద్దన్నాను. అది ఎక్కువున్నవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువన్నది నిజమే. కానీ బీ విటమిన్లతో దాన్ని తగ్గించి చూసిన పెద్ద ట్రయల్స్‌లో, 2006లో వచ్చిన నార్విట్, హోప్ 2 రెండింట్లోనూ, హార్ట్ ఎటాక్‌లు తగ్గలేదు. నాళాల మంటతో ముడిపడ్డ ఎల్‌పీ పీఎల్ఏ2 అనే ఎంజైమ్ పరిస్థితీ అంతే, దాన్ని అణిచే డారాప్లాడిబ్ 2014లో రెండు పెద్ద ట్రయల్స్‌లో విఫలమైంది. ఒక అంకె జబ్బుతో పాటు పెరిగినంత మాత్రాన దాన్ని దించితే జబ్బు దిగదు. ఏ పరీక్షయినా రాసేముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ అంకె వస్తే నేను చేసే పని మారుతుందా?

కొలెస్ట్రాల్‌ని మోసే కణాల్లో ఒకటైన లైపోప్రొటీన్ ఏ ఆ ప్రశ్నకి నిలిచింది. లీటరుకి 190 నానోమోల్స్. 125 దాటితే ఎక్కువ కిందే లెక్క. 1963లో నార్వేకి చెందిన కారె బెర్గ్ కనిపెట్టిన ఈ కణం దాదాపు పూర్తిగా వంశం నుంచి వచ్చేదే. తిండితో, వ్యాయామంతో పెద్దగా మారదు, స్టాటిన్లతో తగ్గదు. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. తండ్రి 51 ఏళ్ళకే పోయారన్న మాట, ఈ 190 పక్కపక్కన పెట్టుకుంటే, ఆమె గుండె కథ ఎక్కడ మొదలైందో కొంత అర్థమైంది. మిగతా కథ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142, హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల షుగర్ సగటు) 8.1 చెప్పాయి.

నాళాల జబ్బు ఎంత విస్తరించిందో రక్త పరీక్షతో అంచనా వేయొచ్చా అని జూనియర్లు తరచుగా అడుగుతారు. వందలమందిని కలిపి సగటు తీస్తే అవును, ట్రోపోనిన్, ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ ఎక్కువున్నవాళ్ళలో సింటాక్స్ స్కోరు కూడా ఎక్కువే ఉంటుంది. కానీ నా ముందు కూర్చున్న మనిషి సగటు కాదు. అంకెనీ స్కోరునీ కలిపి గ్రాఫ్ గీస్తే చుక్కలు ఎంతగా చెదిరి ఉంటాయంటే, ఒక్కరి అంకె పట్టుకుని "మీకు ఒక బ్లాక్, మీకు మూడు" అని చెప్పడం జోస్యమే అవుతుంది. ఆమె 11, ఆయన 2,400 ఆ చెదిరిన చుక్కల్లో రెండు.

షుగర్ ఉండి, ఎడమ ప్రధాన ధమనితో పాటు మిగతా నాళాల్లోనూ జబ్బుండి, సింటాక్స్ 36 ఉన్న మనిషికి దారి బైపాస్ వైపే. షుగర్ ఉండి ఒకటికన్నా ఎక్కువ నాళాల్లో జబ్బున్న 1,900 మందితో 2012లో వచ్చిన ఫ్రీడమ్ ట్రయల్‌లోనూ స్టెంట్ల కన్నా బైపాస్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువగా బతికారు. యాంజియోగ్రామ్ అయిన మూడో రోజు ఆపరేషన్ జరిగింది, ఛాతీ లోపలి ఎడమ ధమనితో ఒకటి, కాలి సిరలతో రెండు.

ఆపరేషన్ మర్నాడు కొడుకు ఐసీయూ బయట నన్నాపి, వణుకుతున్న చేత్తో ఫోన్‌లో రిపోర్టు చూపించాడు. ట్రోపోనిన్ 480. "సార్, మొదట 11 ఉంది. ఆపరేషన్ చేశాక 480 అయ్యింది." ఈసారి తొందరపడి జవాబు చెప్పలేదు, అక్కడే బెంచీ మీద కూర్చున్నాం. గుండెని ఆపి, కుట్లు వేసి, మళ్ళీ నడిపించినప్పుడు కొంత ప్రొటీన్ బయటికి రాకుండా ఉండదని చెప్పాను. అందుకే బైపాస్ తర్వాత హార్ట్ ఎటాక్ అనాలంటే హద్దుకి పదిరెట్లు దాటినా సరిపోదు, దానితో పాటు ఈసీజీలో కొత్త మార్పో, ఎకోలో గోడ కదలకపోవడమో, బైపాస్ నాళం మూసుకుపోవడమో కనిపించాలి. ఆమె ఈసీజీ, ఎకో రెండూ బాగున్నాయి. "అంటే ఈ 480 కన్నా ఆ 11 ప్రమాదమా?" అన్నాడు. అవునన్నాను. మొదటి రోజు అడిగిన ప్రశ్నకి జవాబు అతనికి అప్పుడు దొరికింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆస్పిరిన్, రోసువాస్టాటిన్ 40, ఎజెటిమైబ్ 10, బీటా బ్లాకర్, షుగర్‌కి కొత్త మందులు ఇచ్చాం. ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని లక్ష్యం. మూడు నెలలకి 51కి దిగింది. సీఆర్‌పీని అప్పుడు, చిగురూ ఛాతీ గాయమూ మానాక చూశాం, 1.4. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ ఆపరేషన్ తర్వాత మొదటి వారం ఇంకా పెరిగింది, అది మామూలే. మూడు నెలలకి 310, ఆరు నెలలకి 160. హెచ్‌బీఏ1సీ 6.9. ఈ అంకెల్లో నేను ఎక్కువగా ఎదురుచూసింది ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ కోసమే, గోడ మీది ఒత్తిడి నిజంగా దిగిందని చెప్పేది అదే కాబట్టి. ఆరో నెలలో ఆమె మూడంతస్తులు మెట్లెక్కి వచ్చారు, ఎక్కడా ఆగలేదట. దవడ లాగడం పూర్తిగా పోయింది. "ఆ పన్ను ఉండాల్సింది డాక్టర్ గారూ" అన్నారు, నవ్వుతూనే, కానీ చెయ్యి ఆ ఖాళీ చోటు మీదికే వెళ్ళింది.

ఆ విజిట్‌లోనే కొడుకు రక్తం కూడా తీయించాం. వయసు 34, ఏ లక్షణమూ లేదు. లైపోప్రొటీన్ ఏ 168, ఎల్‌డీఎల్ 138. అతనికి వెంటనే యాంజియోగ్రామ్ అవసరం లేదని, ఎల్‌డీఎల్ మాత్రం ఇప్పటి నుంచే బాగా దించాలని చెప్పి స్టాటిన్ మొదలుపెట్టాను. అతని చెల్లెలికి 29 ఏళ్ళు, వచ్చే నెల శాంపిల్ ఇవ్వడానికి వస్తోంది.